ఆంప్లిఫయర్ రెండోసారి పోయిందంటే ముందు స్పీకర్ లైను చూడండి

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. పర్లాకిమిడి దగ్గర మీ ఊరి రామాలయంలో ఒక ఆంప్లిఫయర్, నాలుగు హార్న్‌లు, చిన్న మిక్సర్ ఉన్నాయి. ఈ ఏడాది ఒక దాత రెండు కాలమ్ బాక్సులు ఇచ్చారు. ఆ తర్వాత ఆంప్లిఫయర్ కాలిపోతే ఊళ్లోనే బాగు చేయించారు. నెల తిరక్కుండా మళ్లీ పోయింది, ఇప్పుడు ఫ్యూజు వేసీ వేయగానే ఎగిరిపోతోంది. దానికి తోడు మిక్సర్‌లో గుంయ్‌మని మోత. కమిటీలో కొందరు బరంపురం పంపుదామంటున్నారు, కొందరు విశాఖ అంటున్నారు, మిగతావాళ్లు కొత్తది కొనేద్దామంటున్నారు. కార్తీకమాసం లోపు ఏదో ఒకటి తేలాలి.

నేను రాయగడలో ఉంటాను. ఈ పనిలోనే జుట్టు నెరిసింది. మజ్జి గౌరమ్మ గుడి ఉత్సవాల మైకుల దగ్గర్నుంచి గునుపురం పెళ్లి పందిళ్ల సెట్ల దాకా నా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి. అందుకని కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

బరంపురమా, విశాఖా అన్నది తర్వాత చూద్దాం. ముందు తేలాల్సింది, బాగయిన ఆంప్లిఫయర్ నెలలో మళ్లీ ఎందుకు పోయిందన్నది. మీ ఉత్తరంలో నాకు దొరికిన ఆనవాలు ఆ కాలమ్ బాక్సులు. అవి వచ్చాకే మొదటిసారి పోయింది కదా! వాటిని ఎక్కడ తగిలించారో మీరు రాయలేదు గానీ, ఇలాంటి చోట్ల జరిగేది ఒక్కటే: హార్న్‌ల తీగలు ఏ రెండు స్క్రూలకు ఉన్నాయో, కొత్త బాక్సుల తీగలు కూడా తెచ్చి వాటికే బిగించేస్తారు.

లెక్క చూడండి. ఓమ్స్ అంటే స్పీకర్ కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ ఆంప్లిఫయర్ నుంచి ఎక్కువ కరెంటు లాగుతుంది. హార్న్ వెనుక ఉండే యూనిట్లు చాలావరకు 16 ఓమ్స్. నాలుగూ పక్కపక్కన, అంటే ప్యారలల్‌లో కలిపితే 4 ఓమ్స్. ఇంతవరకు పర్వాలేదు, ఆంప్లిఫయర్ వెనుక 4 ఓమ్స్ టెర్మినల్ ఉంటుంది, దానికి సరిపోయింది. ఇప్పుడు 8 ఓమ్స్ కాలమ్ బాక్సులు రెండు ప్యారలల్‌లో కలిపితే అవి ఇంకో 4 ఓమ్స్. హార్న్‌ల 4 ఓమ్స్, బాక్సుల 4 ఓమ్స్ ఒకే టెర్మినల్ మీద పడితే మిగిలేది 2 ఓమ్స్. ఆంప్లిఫయర్ తట్టుకోగలిగిన కరెంటుకు రెట్టింపు లాగుతుంది. భజన మామూలు శబ్దంలో ఉన్నంతసేపు ఏమీ తెలియదు. ఏ శ్రీరామనవమికో ఎవరో వాల్యూమ్ పూర్తిగా తిప్పేస్తారు. అరగంటలో హీట్ సింక్ (వేడిని బయటికి పంపే లోహపు పలక) చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు షార్ట్ అవుతాయి. మెకానిక్ ఆ ట్రాన్సిస్టర్లు మార్చి ఇస్తాడు. మీరు తీసుకెళ్లి మళ్లీ ఆ 2 ఓమ్స్‌కే తగిలిస్తారు.

అందుకే నా దగ్గరికి రెండోసారి పోయిన సెట్ వస్తే స్పీకర్లు ఎలా కలిపారో అడగకుండా మూత విప్పను. ఈ ప్రశ్న వేయని మెకానిక్ దగ్గరికి మీరు మూడోసారి కూడా వెళ్లాల్సి వస్తుంది.

దీన్ని సరిచేయడానికి పైసా ఖర్చు లేదు. హార్న్‌లు రెండేసి చొప్పున సిరీస్‌లో, అంటే ఒకదాని మైనస్ రెండోదాని ప్లస్‌కు కలపండి. ఒక్కో జత 32 ఓమ్స్ అవుతుంది. రెండు జతల్నీ ప్యారలల్‌లో కలిపితే 16. కాలమ్ బాక్సులు రెండింటినీ సిరీస్‌లో కలిపితే అవీ 16. ఈ రెండు లైన్లూ ప్యారలల్‌లో కలిస్తే 8, వాటిని 8 ఓమ్స్ టెర్మినల్‌కు ఇస్తే సరిగ్గా సరిపోతుంది. తీగల్లో ప్లస్, మైనస్ తారుమారు కాకుండా చూసుకోండి. తారుమారైతే ఏదీ కాలిపోదు గానీ ఒక స్పీకర్ శబ్దాన్ని ఇంకొకటి మింగేసి మధ్యలో నిలబడ్డవాళ్లకు పల్చగా వినిపిస్తుంది.

ఈ లెక్క చేసేముందు హార్న్ యూనిట్ వెనుక ఏం రాసి ఉందో చదవాలి. కొన్నింటిలో లైన్ ట్రాన్స్‌ఫార్మర్ (లైనులో వచ్చే ఎక్కువ వోల్టేజీని స్పీకర్‌కు తగ్గట్టు దించేది) లోపలే ఉంటుంది, వాటి మీద 100 వోల్ట్ అనో, వాట్ల అంకెలు వరుసగానో ఉంటాయి. అలాంటివాటికి ఓమ్స్ లెక్క వద్దు, వాట్లు కూడితే చాలు. నాలుగు హార్న్‌లు 30 వాట్ల చొప్పున 120, కాబట్టి ఆంప్లిఫయర్ 120 కంటే ఎక్కువ వాట్లది కావాలి, అంతే. మన గుళ్లలో ఎక్కువగా కనిపించే అహూజా లాంటి పీఏ (సభలకు, గుళ్లకు వాడే మైకు సెట్) ఆంప్లిఫయర్ల వెనుక 4, 8, 16 ఓమ్స్‌తో పాటు 100 వోల్ట్ టెర్మినల్ కూడా ఉండేది ఇందుకే. ఈ టెర్మినల్‌కు ట్రాన్స్‌ఫార్మర్ లేని మామూలు 8 ఓమ్స్ బాక్సు తగిలిస్తే మాత్రం బాక్సో, ఆంప్లిఫయరో, రెండూనో పోతాయి.

మీ హార్న్‌లలో ఒకటి ఊరి చివర రావిచెట్టు దగ్గర ఉందన్నారు. గుడి నుంచి అక్కడికి 200 మీటర్లు అనుకుందాం. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ వేస్తే రానూపోనూ 400 మీటర్లకు తీగ నిరోధమే దాదాపు 7 ఓమ్స్. 16 ఓమ్స్ హార్న్‌కు చేరాల్సిన వోల్టేజీలో దాదాపు మూడో వంతు దారిలోనే పోతుంది. అది వినపడటం లేదని గుడి దగ్గర వాల్యూమ్ పెంచుతారు, మళ్లీ కథ మొదటికి. అదే 100 వోల్ట్ లైన్‌లో 30 వాట్ల హార్న్ 333 ఓమ్స్‌గా కనిపిస్తుంది కాబట్టి 7 ఓమ్స్ తీగ లెక్కలోకే రాదు. దూరం హార్న్‌లకు లైన్ ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టించడం కొత్త ఆంప్లిఫయర్ కొనడం కంటే చాలా చౌక. కానీ పెడితే అన్నింటికీ పెట్టాలి, సగం అలా సగం ఇలా కుదరదు.

ఇక సెట్‌ను ఎక్కడికైనా పంపే ముందు మీరే చేయగలిగిన పని ఉంది. స్పీకర్ తీగలన్నీ ఆంప్లిఫయర్ నుంచి విప్పేయండి. మల్టీమీటరు ఓమ్స్‌లో పెట్టి ఒక్కో స్పీకర్‌ను విడివిడిగా చూడండి. 8 ఓమ్స్ స్పీకర్ మీటరులో 6 చుట్టుపక్కల చూపిస్తుంది, 16 ఓమ్స్ యూనిట్ 12, 13 చూపిస్తుంది. మీటరు కొలిచేది డీసీ నిరోధం కాబట్టి తక్కువ చూపించడం సహజమే, కంగారు పడకండి. సున్నా దగ్గరకు వస్తే కాయిల్ గానీ తీగ గానీ షార్ట్. అసలు ఏమీ చూపించకపోతే కాయిల్ తెగిపోయినట్టు. తర్వాత గుడి దగ్గర నుంచి లైను మొత్తం కలిపి చూడండి. స్పీకర్లు విడిగా బాగుండి లైను షార్ట్ చూపిస్తే తప్పు తీగలో ఉన్నట్టే. రేకు అంచు కోసేసిన చోటో, ఉడత కొరికిన చోటో, టేపు ఊడిపోయిన జాయింటు దగ్గరో దొరుకుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న హార్న్‌లకు మాత్రం ఈ మీటరు రీడింగును నమ్మకండి, దానికి ఇంపెడెన్స్ (ఏసీకి ఎదురయ్యే నిరోధం) కొలిచే మీటరు వేరే ఉంటుంది.

హార్న్ యూనిట్ కాయిల్ పోయిందని తేలితే యూనిట్ మొత్తం పారేయకండి, డయాఫ్రమ్ (కాయిల్ అంటుకుని ఉండే పల్చటి పొర) విడిగా దొరుకుతుంది. బిగించేటప్పుడు అయస్కాంతం సందులో ఇనుప రజను లేకుండా టేపుతో అద్ది తీయాలి, లేకపోతే కొత్తది కూడా గరగరమంటుంది. హార్న్ మూతి కొంచెం కిందికి వంచి కట్టండి. ఆకాశం వైపు చూస్తున్న హార్న్‌లో వాన నీళ్లు నిలుస్తాయి. కందిరీగలు మెడలో మట్టిగూడు కట్టేస్తాయి, శబ్దం రావట్లేదని యూనిట్ మార్పించేవాళ్లు ఉన్నారు!

ఫ్యూజు సంగతి. దయచేసి ఇంకో ఫ్యూజు వేయకండి, సిగరెట్ కాగితం రేకు, లావు తీగ లాంటివి అసలే వద్దు. ఫ్యూజు ఎగరడం వల్లే ఇప్పటిదాకా మీ మెయిన్ ట్రాన్స్‌ఫార్మర్ బతికి ఉంది. లావు తీగ వేస్తే కాలేది అదే, అప్పుడు ఖర్చు మూడింతలు. పాత కాలం నుంచి ఉన్న మంచి పద్ధతి సిరీస్ బల్బు. 100 వాట్ల ఫిలమెంటు బల్బును ఫేజు తీగలో సిరీస్‌గా పెట్టి, స్పీకర్లు విప్పేసి, ఆంప్లిఫయర్ ఆన్ చేస్తారు. లోపల ఎంత షార్ట్ ఉన్నా అరయాంపియరు లోపే కరెంటు వెళ్తుంది కాబట్టి కొత్తగా ఏదీ కాలదు. బల్బు ఒక్కసారి వెలిగి తగ్గిపోతే లోపల పెద్ద షార్ట్ లేదు. అలాగే భగ్గుమని వెలుగుతూ ఉంటే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లో, రెక్టిఫయర్ బ్రిడ్జో, ట్రాన్స్‌ఫార్మరో పోయినట్టు. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. ఫిలమెంటు బల్బులు ఇప్పుడు అన్ని కొట్లలో దొరకడం లేదు, పాత ఎలక్ట్రికల్ షాపుల్లో అడగండి. వైరింగ్ పని తెలిసినవాళ్లే ఇది చేయాలి. మూత విప్పాక ప్లగ్ తీసేసినా సరే, లోపలి పెద్ద కెపాసిటర్లలో ఛార్జి చాలాసేపు నిలిచి ఉంటుంది. కొత్త రకం ఎస్ఎంపీఎస్ (బరువైన ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ బదులు తేలికైన స్విచింగ్ పవర్ సప్లై ఉన్న) ఆంప్లిఫయర్లలో అది 325 వోల్టుల దాకా ఉంటుంది. ఊళ్లో కుర్రాళ్లు యూట్యూబ్ చూసి మూత విప్పుతామంటే ఆపండి.

మీ మొదటి రిపేరులో ఏం జరిగిందో నేను చూడలేదు కాబట్టి ఆ మెకానిక్‌ను తప్పుపట్టను. 2 ఓమ్స్ లోడు మీద ఎంత బాగా చేసినా పోయేదే. కానీ ఈసారి చేయించేటప్పుడు ఇవి అడగండి. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు జతలుగా పనిచేస్తాయి. షార్ట్ అయిన ఒక్కటి మార్చి, దాని పక్కన అంతే వేడికి నలిగిన మిగతావాటిని వదిలేస్తే అవి కొన్నాళ్లకే పోతాయి. ఆ వరుస మొత్తం ఒకేసారి మార్చమనండి. వాటి ముందుండే డ్రైవర్ ట్రాన్సిస్టర్లు, 0.22 ఓమ్స్ లాంటి చిన్న విలువ ఎమిటర్ రెసిస్టర్లు కూడా చూడమనండి. కింద మైకా పలక, దాని మీద తెల్లటి హీట్ సింక్ పేస్టు కొత్తది వేయాలి. పాత ఎండిన పేస్టు మీదే బిగిస్తే వేడి బయటికి పోదు.

ఇంకో బెడద నకిలీ ట్రాన్సిస్టర్లు. పాత సెట్లలో ఉండే 2ఎన్3055, కొత్తవాటిలో జతగా వచ్చే 2ఎస్‌సీ5200, 2ఎస్ఏ1943 లాంటివాటికి నకిలీలు మార్కెట్ నిండా ఉన్నాయి. అసలు 2ఎస్‌సీ5200 15 ఆంపియర్లు, 230 వోల్టులు తట్టుకునేది. నకిలీలో లోపలి సిలికాన్ ముక్క గోటి చివరంత కూడా ఉండదు, మామూలు శబ్దానికి పనిచేసి గట్టిగా వాయించగానే పోతుంది. మీటరుతో చూస్తే రెండూ ఒకేలా చూపిస్తాయి. మరీ చౌకగా వస్తోందంటే అనుమానించాలి. నమ్మకమైన డీలర్ దగ్గర బిల్లుతో కొన్నవి వేయమని, తేడా డబ్బు మేమిస్తామని ముందే చెప్పేయండి. తక్కువలో కానిచ్చేయండి అని బేరమాడేది మనమే, నకిలీ వేశాడని తిట్టేదీ మనమే.

ట్రాన్స్‌ఫార్మర్ కాలి ఉంటే మోటార్ వైండింగ్ షాపుల్లో రీవైండింగ్ చేస్తారు. పాతదాంట్లో ఎంత గేజు తీగ ఉందో అంతే గేజు రాగితో చుట్టమనాలి. అల్యూమినియంతో చుడితే మొదట్లో పనిచేస్తుంది, వేసవిలో వేడెక్కి మైనం కారుతుంది.

రిపేరు అయ్యాక డమ్మీ లోడు మీద, అంటే స్పీకర్ బదులు పెద్ద వైర్‌వౌండ్ రెసిస్టర్ పెట్టి, గంటసేపు నడిపి చూపించమనండి. స్పీకర్ టెర్మినల్ దగ్గర డీసీ వోల్టేజీ కూడా కొలిపించండి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని ఆంప్లిఫయర్లలో అది 50 మిల్లీవోల్టుల లోపు ఉండాలి. వోల్టుల్లో ఉంటే స్పీకర్ తగిలించగానే కాయిల్ కాలుతుంది. పాత పార్టులన్నీ కవరులో పెట్టి ఇవ్వమనండి. సంకోచించకండి, సరైన మెకానిక్ దీనికి నొచ్చుకోడు.

మిక్సర్ మోత వేరే జబ్బు, ఆంప్లిఫయర్‌తో కలిపి చూడొద్దు. అన్ని కేబుళ్లూ పీకేసి మిక్సర్‌కు హెడ్‌ఫోన్ పెట్టి వినండి. ఒంటరిగా ఉన్నా మోగుతుంటే అడాప్టరో, లోపలి ఫిల్టర్ కెపాసిటర్లో ఎండిపోయాయి. ముందు అడాప్టర్ మార్చి చూడండి, వోల్టేజీతో పాటు ఏసీయా డీసీయా అన్నది కూడా సరిపోవాలి, చాలా మిక్సర్లు ఏసీ అడాప్టర్‌తో నడుస్తాయి. ఒంటరిగా నిశ్శబ్దంగా ఉండి, ఆంప్లిఫయర్‌కు కలపగానే మోగితే అది గ్రౌండ్ లూప్, అంటే రెండు ఎర్త్ దారుల మధ్య కరెంటు తిరగడం వల్ల వచ్చే మోత. మిక్సర్ మండపంలో ఒక ప్లగ్గుకు, ఆంప్లిఫయర్ గర్భగుడి వెనుక ఇంకో ప్లగ్గుకు ఉండుంటాయి. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తెచ్చేయండి, సగం సందర్భాల్లో అక్కడితో పోతుంది. మోత తగ్గుతుందని ఎర్త్ పిన్ను మాత్రం విరగ్గొట్టకండి, అభిషేకం నీళ్లు పారే చోట మైకు పట్టుకునేది పూజారి గారు. మైకు ఒంటిని ముట్టుకుంటే మోత మారుతోందా? అయితే కేబుల్ షీల్డు తెగింది. మూడు పిన్నుల ఎక్స్ఎల్ఆర్ మైకు ప్లగ్గులో ఒకటో పిన్ను దగ్గర టంకం ఊడి ఉంటుంది, పది నిమిషాల పని. ల్యాప్‌టాప్ నుంచి పాటలు పెట్టేటప్పుడే మోగితే ఛార్జర్ తీసేసి చూడండి.

వాల్యూమ్ తిప్పితే కరకరమనడం పాట్‌లో, అంటే ఆ తిప్పే కంట్రోల్‌లో, దుమ్ము. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి నాలుగైదుసార్లు తిప్పితే చాలు. కొబ్బరినూనె పోసి తెచ్చిన మిక్సర్లు కూడా చూశాను. నూనె దుమ్మును ఇంకా పట్టి ఉంచుతుంది.

ఇంకో అనుమానం కూడా తీర్చుకోండి: కరెంటు. ఈ ప్రాంతంలో గాలివానల తర్వాత న్యూట్రల్ వదులైపోవడం మామూలే. ఫేజుకూ ఫేజుకూ మధ్య 400 వోల్టులుంటాయి. న్యూట్రల్ తెగితే 230 ఉండాల్సిన ప్లగ్గులో 300 కూడా దాటొచ్చు. పందిరికి లాగిన తాత్కాలిక లైన్లలో ఇది మరీ ఎక్కువ. ఆన్ చేసే ముందు ప్లగ్గులో వోల్టేజీ చూడటం అలవాటు చేసుకోండి, 180 కంటే తక్కువ, 250 కంటే ఎక్కువ ఉంటే సెట్ పెట్టొద్దు. జనరేటర్ అయితే అది నిలకడకు వచ్చాకే స్విచ్ వేయండి. వరద నీళ్లలో తడిస్తే ఆన్ చేసి చూడాలన్న ఆత్రం చంపుకోవాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత మీ గజపతి వైపు నుంచి వచ్చిన సెట్లలో, ఆన్ చేయకుండా అలాగే తెచ్చినవి చాలావరకు బాగయ్యాయి. ఆరిందో లేదో చూద్దామని స్విచ్ వేసినవే కోలుకోలేదు.

ఇప్పుడు బరంపురమా, విశాఖా అన్న మాట. కొన్న తేదీ చూడండి, వారంటీ ఉంటే బయట ఎవరూ సీలు విప్పకూడదు. మీది ఇప్పటికే విప్పారు కాబట్టి ఆ దారి దాదాపు మూసుకుపోయింది. అయినా కంపెనీ వెబ్‌సైట్‌లో దగ్గరి సర్వీస్ సెంటర్ నంబరు చూసి ఒకసారి అడగండి. ఎస్ఎంపీఎస్ రకం, క్లాస్ డీ (ట్రాన్సిస్టర్లను స్విచ్‌ల్లా వాడే) రకం ఆంప్లిఫయర్ అయితే సర్క్యూట్ డయాగ్రమ్, అసలు పార్టులు దొరికే చోటికే, అంటే పెద్ద ఊరికే పంపాలి. ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న బరువైన పాతరకం పీఏ సెట్ అయితే, మీ వర్ణనను బట్టి అదే అనిపిస్తోంది, దానికి విశాఖ దాకా అక్కర్లేదు. బరంపురంలోనో, మీ పక్కనే పాతపట్నంలోనో, నేను పైన రాసిన ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పే మనిషి దొరికితే చాలు. మనకు ఒడియా, తెలుగు రెండూ వచ్చు కాబట్టి సరిహద్దుకు అటూ ఇటూ అడగడానికి ఇబ్బంది లేదు. పండగల ముందు మాత్రం పంపకండి. దసరాకి, బరంపురంలో ఠాకురాణి జాతర ఉన్న ఏడాది ఆ రోజుల్లోనూ అందరి బల్లలూ నిండిపోయి ఉంటాయి, హడావుడిగా చేసిస్తారు.

పంపేటప్పుడు సీరియల్ నంబరు, వెనుక టెర్మినళ్లు ఫోటో తీసుకోండి. ఏం జరిగిందో కాగితం మీద రాసి సెట్‌కే అంటించండి: ఎప్పుడు పోయింది, అప్పుడు ఏ స్పీకర్లు ఉన్నాయి, పొగ వచ్చిందా, వాసన వచ్చిందా. "పని చేయట్లేదు" అని ఒక్క ముక్క రాస్తే మెకానిక్‌కు సగం రోజు వృథా. బస్సు టాపు మీద వేయకండి, కుదుపులకు ట్రాన్స్‌ఫార్మర్ బోల్టులు వదులై బోర్డును పగలగొడతాయి. రసీదు మీద సీరియల్ నంబరు, రిపేరు గ్యారంటీ ఎన్నాళ్లో రాయించుకోండి.

డబ్బు తీసుకుని పని చేయకుండా తిప్పుతున్నా, కొత్తది కొంటే లోపం ఉన్నది అంటగట్టినా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం విశాఖలో కొన్నా సరే, మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. ఆంధ్రలో కొన్నాం, ఒడిశాలో ఉన్నాం, ఎటు వెళ్లాలి అన్న బెంగ అక్కర్లేదు. కాకపోతే బిల్లు ఉండాలి. బిల్లు లేకుండా తక్కువకు వస్తుందని కొనేవాళ్లకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

కొత్తది కొనాలా అంటే, రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే ఆలోచించండి. అంతవరకు పాత పీఏ సెట్లను బాగు చేయించుకోవడమే మేలని నా అభిప్రాయం, వాటికి పార్టులు ఇప్పటికీ దొరుకుతాయి. ఎలా చూసినా స్పీకర్ లైను సరిచేయకుండా కొత్తది మాత్రం తేవొద్దు.

ఆంప్లిఫయర్ వెనుక టెర్మినళ్ల ఫోటో, హార్న్ యూనిట్ మీద రాసి ఉన్న అంకెలు, కాలమ్ బాక్సుల మీటరు రీడింగులు పెట్టండి. ఏ తీగ ఏ స్క్రూకు బిగించాలో గీసి పంపిస్తాను.